న్యూబరీపోర్ట్ నుంచి నిజాం కొలువుకి
సైబరాబాదు: నేల, మనుషులు, దస్తావేజులు – 9వ భాగం

(1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటి నుంచి మాదాపూర్, గచ్చిబౌలి కుటుంబాలు అమెరికాతో ఎలా ముడిపడుతూ వచ్చాయో గత భాగంలో చూశాం. ఈసారి ఆ ముడిని రెండు వందల ఏళ్లకు పైగా వెనక్కి తీసుకెళ్దాం.)

1790 జూన్‌లో మద్రాసు నుంచి అమెరికాలోని మసాచుసెట్స్‌కు ఒక ఉత్తరం వెళ్లింది. రాసినవాడు పాతికేళ్ల జాన్ పార్కర్ బాయిడ్. అందుకోవలసినవాడు అతని తండ్రి. సిఫారసు లేఖలు సంపాదించుకుని మద్రాసు నుంచి హైదరాబాదు చేరానని, అక్కడి ఇంగ్లీషు ప్రతినిధి తనను నిజాం సముఖానికి తీసుకెళ్లాడని, దర్బారు మర్యాదలు పూర్తయ్యాక ఐదేసి వందల మంది ఉన్న రెండు దళాలను తన చేతికి అప్పగించారని ఆ కొడుకు తండ్రికి రాశాడు.

అమెరికా రాజ్యాంగం అమల్లోకి వచ్చి అప్పటికి ఏడాది దాటిందంతే. జార్జ్ వాషింగ్టన్ తొలి అధ్యక్షుడు. ఇక్కడ రెండో అసఫ్ జా, నిజాం అలీ ఖాన్ ఏలుబడి. ఇంగ్లీషు కంపెనీ తరఫున రెసిడెంటుగా జాన్ కెనవే ఉన్నాడు. హైదరాబాదు గడ్డ మీద ఉద్యోగం చేసిన తొలితరం అమెరికన్లలో మనం పేరు పెట్టి పిలవగలిగినవాడు ఈ బాయిడ్.

అతని గురించి ఇన్ని తరాల తర్వాత కూడా ఇంత వివరంగా ఎలా చెప్పగలుగుతున్నాం? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే మన ముత్తాతలను వెతుక్కునే దారి కూడా దొరుకుతుంది. అందుకే ఈ భాగం మొత్తం అతని వంశానికీ, ఆ వంశాన్ని దాచిన రిజిస్టర్లకీ కేటాయిస్తున్నాను.

తల్లి వైపు మూలపురుషుడు

బాయిడ్ 1764 డిసెంబరు 21న న్యూబరీపోర్ట్‌లో పుట్టాడు. న్యూబరీ అనే పాత ఊరి నుంచి రేవు ప్రాంతాన్ని విడదీసి న్యూబరీపోర్ట్‌ను ఏర్పాటు చేసింది కూడా ఆ ఏడాదే. తండ్రి స్కాట్లండ్ నుంచి వచ్చినవాడు. తల్లి పుట్టిల్లు మాత్రం అక్కడే పాతుకుపోయిన కుటుంబం. ఆమె ట్రిస్ట్రమ్ కాఫిన్ సంతతి. అమెరికాలో వంశవృక్షాలు గీసుకునేవాళ్లకు ఆ పేరు బాగా తెలుసు. ఆ దేశానికి తొలినాళ్లలో వెళ్లిన ఆంగ్లేయుల్లో రికార్డులు బాగా మిగిలినవాళ్లలో అతనొకడు. వేల కుటుంబాలు తమ మూలాన్ని అతని దగ్గరికే తీసుకెళ్తాయి.

ట్రిస్ట్రమ్ జాడ ఇంగ్లండ్‌లో, డెవన్ జిల్లాలోని బ్రిక్స్‌టన్ గ్రామ చర్చిలో మొదలవుతుంది. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు ప్రతి చర్చీ రాసిపెట్టాలని ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ 1538లో ఆజ్ఞ జారీ చేశాడు. ఆ ఆజ్ఞ వల్లే 1610 మార్చిలో ఒక పసివాడికి బాప్తిస్మం ఇచ్చిన సంగతి నేటికీ మిగిలింది. 1642లో ఆ పసివాడే భార్యాపిల్లలను, వితంతువైన తల్లిని, చెల్లెళ్లను వెంటబెట్టుకుని సముద్రం దాటాడు. ఆ కాలంలో మన గోల్కొండను అబ్దుల్లా కుతుబ్ షా ఏలుతున్నాడు. మద్రాసులో ఇంగ్లీషువాళ్ల కోట మొదలై మూడేళ్లే అయింది.

అమెరికాలో అతను మొదట కనబడేది ఒక భూమి దస్తావేజులో. 1642 నవంబరు 15న ఇప్పటి హేవర్‌హిల్ పట్టణం ఉన్న నేలను అక్కడి ఆదివాసుల నుంచి వలసవాళ్లు కొన్నారు. ఆ పత్రం మీద సాక్షి సంతకాల్లో ట్రిస్ట్రమ్ కాఫిన్‌ది ఒకటి. అమ్మినవాళ్లు పసాక్వో, సగ్గహ్యూ అనే ఇద్దరు. ఆ ఇద్దరి పేర్లు ఇన్ని శతాబ్దాలు నిలవడానికి కారణం ఆ ఒక్క అమ్మకం. భూమి చేతులు మారినప్పుడే వలసవాళ్ల కచేరీకి వాళ్ల పేర్లు అవసరమయ్యాయి.

ట్రిస్ట్రమ్ భార్య డయోనిస్. ఆ కాలపు ఆడవాళ్ల గురించి పెళ్లి తేదీ, చావు తేదీ తప్ప ఏమీ మిగలకపోవడమే ఎక్కువ. ఈమె గురించి మాత్రం ఒక ముచ్చట మిగిలింది. న్యూబరీలో ఆ దంపతులు పూటకూళ్ల ఇల్లు నడిపేవారు. చట్టం చెప్పిన ధర క్వార్టు బీరుకు రెండు పెన్నీలైతే, ఈమె మూడు పెన్నీలకు అమ్ముతోందని 1653లో కోర్టుకు ఎక్కించారు. పీపాకు నాలుగు బుషెళ్ల మాల్టు చాలని చట్టం అంటున్నా తాను ఆరు బుషెళ్లు వేసి కాచానని ఆమె సాక్ష్యంతో నిరూపించింది. కోర్టు వదిలేసింది. మూడున్నర శతాబ్దాల తర్వాత ఆమె వారసులు తమ అవ్వ చేతి పనితనం గురించి చెప్పుకోగలుగుతున్నారంటే అది ఆ కేసు పుణ్యమే.

1659లో ట్రిస్ట్రమ్, మరికొందరు కలిసి నాంటకెట్ దీవిని థామస్ మేహ్యూ దగ్గర కొన్నారు. వెల 30 పౌండ్లు, రెండు బీవర్ తోలు టోపీలు. ఒక టోపీ తనకు, ఒకటి తన భార్యకు అని మేహ్యూ ఆ పత్రంలోనే రాయించాడు. ట్రిస్ట్రమ్ 1681లో ఆ దీవిలోనే చనిపోయాడు. అతని పేరే పెట్టుకున్న కొడుకు న్యూబరీలో ఉండిపోయాడు. ఆ శాఖ వాళ్ల పాత ఇల్లు ఇప్పటికీ అక్కడ నిలిచి ఉంది.

గమనించండి. చర్చి పుస్తకం, భూమి పత్రం, కోర్టు తీర్పు, దీవి కొనుగోలు. వీటిలో ఒక్కటీ వంశచరిత్ర కోసం రాసింది కాదు. ఒకరికి ఆత్మల లెక్క కావాలి, ఒకరికి హక్కు కావాలి, ఇంకొకరికి బీరు ధర అదుపులో ఉండాలి. వాళ్ల అవసరం కోసం రాసుకున్న కాగితాల్లో ఒక కుటుంబం బతికిపోయింది. పైగా మసాచుసెట్స్ కాలనీ 1639లోనే జననాలు, మరణాలు, పెళ్లిళ్లు ఊరి అధికారులే నమోదు చేయాలని శాసించింది. 1845లో బోస్టన్‌లో న్యూ ఇంగ్లండ్ హిస్టారిక్ జీనియలాజికల్ సొసైటీ పుట్టింది. అదే ఏడాది జాషువా కాఫిన్ న్యూబరీ పట్టణ చరిత్రను అచ్చువేశాడు. 1911లో న్యూబరీపోర్ట్ జనన మరణాల పుస్తకాలు కూడా అచ్చయ్యాయి. ఇలా రాసినవాళ్లు, దాచినవాళ్లు, అచ్చు వేసినవాళ్లు వరుసగా దొరకడం ఆ ఊరి అదృష్టం.

హైదరాబాదులో బాయిడ్

మళ్లీ మన బాయిడ్ దగ్గరికి వద్దాం. 1786లో అమెరికా సైన్యంలో చిన్న అధికారిగా చేరాడు. అక్కడ ఎదుగుదల కనబడక 1789లో ఇండియా ఓడ ఎక్కాడు. ఆ రోజుల్లో దక్కనులో సొంత పటాలం ఉన్నవాడికి గిరాకీ ఉండేది. నిజాం కొలువులో అప్పటికే ఫ్రెంచి సేనాని రేమండ్ పెద్ద బలగం పెంచుకుంటున్నాడు. మలక్‌పేట, సరూర్‌నగర్ వైపు మూసారాం బాగ్ అనే పేరులో ఆయన జ్ఞాపకం నేటికీ వినబడుతుంది. బాయిడ్ మెల్లగా తన సొంతానికి మూడు పటాలాలు కూర్చుకున్నాడు. ఒక్కో పటాలంలో సుమారు ఐదు వందల మంది. తుపాకులు, ఫిరంగులు, ఏనుగులు అన్నీ అతని సొత్తే. ఏ రాజు కిరాయి ఇస్తే ఆ రాజు పక్షాన నిలబడేవాడు. నిజాం తర్వాత పుణెలో పీష్వా కొలువుకు మారాడు. చివరికి ఆ సరంజామా అంతా ఫిలోస్ అనే ఇటలీ సేనానికి అమ్మేసి స్వదేశం దారి పట్టాడు.

అతను తిరిగి 1808లో కర్నల్ హోదాలో అమెరికా సైనిక జాబితాకెక్కాడు. 1811 నవంబరులో టిపికనూ యుద్ధం, 1813లో ఫోర్ట్ జార్జ్, అదే ఏడాది నవంబరులో క్రైస్లర్స్ ఫామ్. ఈ చివరి పోరులో దెబ్బతిన్నాక వచ్చిన నిందలకు జవాబుగా 1816లో దస్తావేజులతో ఒక పుస్తకం వేయించాడు. 1830 అక్టోబరు 4న బోస్టన్‌లో కన్నుమూశాడు.

అతని జీవితాన్ని పూర్తిగా కూర్చాలంటే మూడు చోట్లా వెతకాలి. పుట్టుక న్యూబరీపోర్ట్ రిజిస్టర్లలో, ఉద్యోగం అమెరికా సైనిక జాబితాల్లో, మధ్యలోని దక్కను ఏళ్లు తండ్రికి రాసిన ఉత్తరంలో, కంపెనీ రెసిడెంట్లు పైవాళ్లకు రాసుకున్న లేఖల్లో. కంపెనీ అతని మీద కన్ను వేసింది ప్రేమతో కాదు. రేమండ్ ఫ్రెంచి బలగానికి పోటీగా నిజాం దగ్గర ఇంగ్లీషు మాట్లాడే సేనానులు ఎంతమంది ఉన్నారన్నది వాళ్లకు ప్రాణావసరమైన లెక్క. ఒక దేశపు పుస్తకంలో ఖాళీగా ఉన్న పదేళ్లు ఇంకో దేశపు కచేరీలో దొరుకుతాయి. ఇవాళ సముద్రాలు దాటిన మన కుటుంబాలన్నింటికీ వర్తించే సూత్రం ఇది.

అదే 1790లో, అదే కౌంటీలో

బాయిడ్ మద్రాసు నుంచి ఉత్తరం రాసిన ఆరు నెలలకు, 1790 డిసెంబరు చివర్లో, న్యూబరీపోర్ట్ ఉన్న ఎసెక్స్ కౌంటీలోనే సేలం అనే రేవు పట్టణంలో విలియం బెంట్లీ అనే పాస్టరు తన దినచర్యలో ఒక సంగతి రాసుకున్నాడు. కెప్టెన్ జాన్ గిబో వెంట వచ్చిన మద్రాసు మనిషిని చూశానని, ఇండియా వాణ్ని చూడటం అదే మొదటిసారని. ఆ మనిషి ఒంటి రంగు, నిడుపైన నల్లని జుట్టు, సౌమ్యమైన ముఖం, పొడుగు, ఇవన్నీ ఆసక్తిగా వర్ణించాడు. పేరు రాయలేదు.

మద్రాసు నుంచి వచ్చాడంటే ఆ మనిషి తెలుగువాడు కావచ్చు, తమిళుడు కావచ్చు. అతనికీ తల్లీ తండ్రీ ఉన్నారు, ఊరు ఉంది, ఇంటిపేరో కులమో ఉన్నాయి. అవేవీ బెంట్లీకి అవసరం లేదు. ఒకే కౌంటీ నుంచి మద్రాసుకు వెళ్లినవాడికి ముత్తాతల ముత్తాత దాకా లెక్క దొరుకుతోంది. మద్రాసు నుంచి ఆ కౌంటీకి వెళ్లినవాడికి పేరు కూడా దక్కలేదు. ఈ తేడా ఆ ఇద్దరి యోగ్యతల్లో లేదు. తనను గురించి రాయించుకునే అధికారం ఒకరికి ఉంది, మరొకరికి లేదు. నా మనసును ఎక్కువగా కలచేది ఇదే.

అంతకు ముందు కూడా ఇలాంటివాళ్లు ఉన్నారు. వర్జీనియా కాలనీలో ఒక మనిషిని ఓడలో తెప్పించినవాడికి తలకు 50 ఎకరాలు ఇచ్చే పద్ధతి ఉండేది. 1635లో జార్జ్ మెనిఫీ అనే భూస్వామి అలా భూమి అడుగుతూ ఇచ్చిన జాబితాలో టోనీ అనే ఒకడున్నాడు. పక్కన ఈస్ట్ ఇండియన్ అని రాసి ఉంది. ఇప్పటి అమెరికా నేల మీద రికార్డుకెక్కిన తొలి భారతీయుడు అతనే అని చరిత్రకారులు చెబుతారు. టోనీ అన్నది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదని చెప్పనక్కర్లేదు. ఇంగ్లీషు కంపెనీ 1611లోనే మన మచిలీపట్నంలో కొఠీ పెట్టింది. కంపెనీ మనుషులు తూర్పు తీరం నుంచి నౌకర్లను లండన్‌కు తీసుకెళ్లేవారు. అలా వెళ్లినవాళ్లలో కొందరు అక్కడి నుంచి ఒప్పంద కూలీలుగా అమెరికా చేరారు.

వాళ్ల సంతతి ఏమైంది? 1662లో వర్జీనియా ఒక చట్టం చేసింది. బిడ్డ స్వతంత్రుడా బానిసా అన్నది తల్లి స్థితిని బట్టి తేలుతుందని. అప్పటి నుంచి తమ అవ్వ స్వతంత్రురాలని, ఈస్ట్ ఇండియన్ అని నిరూపించుకోవడం మనవలకు బతుకు సమస్య అయింది. కౌంటీ కోర్టు పుస్తకాల్లో అలాంటి పేర్లు అక్కడక్కడా తగులుతాయి. తరాలు గడిచేకొద్దీ గుమాస్తాలు ఆ మాట రాయడం మానేశారు. ఆ కుటుంబాలు నల్లజాతి సమాజంలో కలిసిపోయాయి. పాల్ హైనెగ్ అనే పరిశోధకుడు ఏళ్ల తరబడి వర్జీనియా, మేరీలాండ్, కరోలినాల కౌంటీ రికార్డులు తిరగేసి స్వతంత్ర నల్లజాతి కుటుంబాల వంశాలను కూర్చినప్పుడు వాటిలో కొన్నింటి మూలం ఈస్ట్ ఇండియన్ల దగ్గర తేలింది. పన్ను జాబితా ఒకటి, కోర్టు ఉత్తర్వు ఒకటి, వీలునామా ఒకటి, ఇలా పోగుచేసి ఆయన ఆ ముడులు విప్పాడు.

మన దగ్గర ఏం ఉన్నాయి?

తెల్లవాళ్లకు రిజిస్టర్లు ఉన్నాయి, మనకు ఏమీ లేవు అని నిట్టూర్చేవాళ్లను చాలామందిని చూశాను. అది నిజం కాదు.

తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాలయంలో షాజహాన్, ఔరంగజేబు కాలపు ఫారసీ దస్తావేజులు లక్షకు పైగా ఉన్నాయి. వాటిలో అర్జ్-ఓ-చెహ్రా అనే సైనిక హాజరు పత్రాలు పెద్ద భాగం. మన్సబ్‌దారు చూపించిన మనిషీ గుర్రమూ నిజమైనవా కావా అని సర్కారు పోల్చుకోవాలి. అందుకని రౌతు పేరు, తండ్రి పేరు, ఒంటి రంగు, ముఖం తీరు, మచ్చలు, గాయాల గుర్తులు రాశారు. గుర్రానికి వేసిన ముద్ర కూడా రాశారు. ట్రిస్ట్రమ్ కాఫిన్ కాలం నాటి సాధారణ సిపాయి ముఖం మన హైదరాబాదులో కాగితం మీద ఉంది. ఫారసీ చదివేవాళ్లు తగ్గిపోవడం ఒక్కటే మనకూ ఆ ముఖానికీ మధ్య అడ్డం.

ఇక భూమి. ఐటీ కారిడార్ అద్దాల భవనాల కింద ఉన్నవి పాత రెవెన్యూ గ్రామాలు. రాయదుర్గ్ పాయిగా, రాయదుర్గ్ నవ్‌ఖల్సా, మణికొండ జాగీర్ లాంటి పేర్లు ఇప్పటికీ దస్తావేజుల్లో నడుస్తున్నాయి. మీ తాత ఊరు పాయిగా కింద ఉంటే ఆ అమీరుల కచేరీ లెక్కలు, జాగీరు అయితే జాగీర్దారు లెక్కలు, ఖల్సా అయితే సర్కారు దివానీ లెక్కలు వెతకాలి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1954–55లో ఖాస్రా పహాణీ తయారైంది. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, తండ్రి పేరు, కాస్తుదారు పేరు అందులో ఉంటాయి. అంతకు ముందటి సర్వే రిజిస్టరు, అంటే సేత్వారు, ఉర్దూలో ఉంటుంది. ఈ రెండింటికంటే వంశానికి పనికొచ్చేది విరాసత్ ఫైలు. పట్టాదారు చనిపోయాక వారసుల పేరు ఎక్కించమని పెట్టిన అర్జీలో కొడుకులంతా ఉంటారు. మామూలు పహాణీలో కనబడని భార్య పేరు కూడా ఒక్కోసారి ఇక్కడ కనబడుతుంది. డయోనిస్ కాఫిన్ బీరు కేసులో దొరికినట్టే మన అవ్వలు విరాసత్ అర్జీల్లో దొరుకుతారు.

కాగితం లేనివాళ్ల కోసం నోటి లెక్క ఉంది. కాపుల, రెడ్ల ఇంటిపేర్లూ గోత్రాలూ తరతరాలుగా గుర్తుంచుకుని వాకిట నిలబడి చెప్పిన పిచ్చిగుంట్లవాళ్లు, అంటే వంశరాజులు, మన నేల మీది వంశావళి పండితులు. ఆ వృత్తిని వదిలిన కుటుంబాల్లో పెద్దలు ఉన్నప్పుడే వాళ్ల గొంతు రికార్డు చేయాలి. కాశీ, గయ పండాల బహీల్లో పిండప్రదానానికి వెళ్లిన తాతల పేర్లు, వాళ్ల తండ్రుల పేర్లు ఉంటాయి. ఏ ఊరి నుంచి వచ్చామో చెబితే పుస్తకం తీసి చూపించే సంప్రదాయం నేటికీ ఉంది.

ఇవాళ్టి కాగితం, రేపటి వంశచరిత్ర

1792 నవంబరులో అధ్యక్షుడు వాషింగ్టన్ ఇండియాకు తొలి అమెరికా కాన్సల్‌గా బెంజమిన్ జాయ్‌ని నియమించాడు. ఆయనదీ న్యూబరీపోర్టే. 1794లో కలకత్తా చేరితే కంపెనీ ఆయన్ను కాన్సల్‌గా గుర్తించలేదు, వర్తక ప్రతినిధిగా ఉండనిచ్చింది. హైదరాబాదుకు అమెరికా కాన్సులేట్ 2008లో వచ్చింది. బేగంపేటలోని పాయిగా ప్యాలెస్‌లో మొదలై 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడలోని సొంత భవనానికి మారింది.

అక్కడ వీసా కోసం నిలబడే ప్రతి ఒక్కరూ డీఎస్-160 నింపి వస్తారు. అందులో తండ్రి పేరు, తల్లి పేరు, వాళ్ల పుట్టిన తేదీలు అడుగుతారు. ఇదీ ఎవరి అవసరం కోసమో పుట్టిన కాగితమే. సేలంలో పేరు దక్కని మద్రాసు మనిషికీ, ఇవాళ నానక్‌రామ్‌గూడలో తల్లి పేరు స్వయంగా నింపుతున్న అమ్మాయికీ మధ్య చాలా పోరాటం ఉంది. భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని 1923లో థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. 1946లో ల్యూస్–సెల్లర్ చట్టం ఆ తలుపు తెరిచింది. 1965 చట్టం వలసకు దేశాలవారీ పాత కోటాలను తీసేసింది. భీమవరంలో పుట్టి బోస్టన్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు ప్రపంచానికి ఎన్నో మందులు ఇచ్చి కూడా 1948లో అమెరికా పౌరుడు కాకుండానే వెళ్లిపోయారు. అలాంటివాళ్ల తర్వాతే మన పిల్లలకు ఆ దారి సుగమమైంది.

అయితే సర్కారు కాగితం తన అవసరం వరకే అడుగుతుంది. అమెరికాలో జనగణన పత్రాలు 72 ఏళ్ల తర్వాతే జనానికి తెరుస్తారు. 1950 నాటివి 2022 ఏప్రిల్‌లో తెరిచారు. ఇప్పుడు డల్లస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టిన పిల్లల మనవలు ఆ పత్రాలు చూసినప్పుడు తాత కుటుంబం ఏషియన్ ఇండియన్ అని మాత్రమే తెలుస్తుంది. ఏ మండలం, ఏ ఊరు, ఏ చెరువు కింది మడి అన్నది అందులో ఉండదు. మన దగ్గర జనన మరణాల నమోదుకు దేశమంతటికీ ఒకే చట్టం 1969లో వచ్చింది. అంతకు ముందు పుట్టినవాళ్లలో చాలామందికి బడి రిజిస్టరే ఆధారం, అందులోని తేదీ ఒక్కోసారి పంతులుగారు వేసిందే.

కాబట్టి ఈ పని ఇళ్లలోనే జరగాలి. నాన్నమ్మ, అమ్మమ్మ బతికి ఉండగానే వాళ్ల పుట్టింటి పేర్లు, ఊర్లు రాయండి. ఇంట్లో మగవాళ్ల పేర్లు మాత్రమే రాసి ఆపకండి. వంశంలో సగం పోయేది అక్కడే. పాత పట్టా, పన్ను రసీదు, టీసీ, రేషను కార్డు, పెళ్లి శుభలేఖ, పాస్‌పోర్టు, వీటి మొదటి పేజీలను ఫొటో తీసి ఏ ఊరివో, ఏ సంవత్సరానివో వెనక రాసి పెట్టండి. ఊరు పాత జిల్లా పేరుతో, కొత్త జిల్లా పేరుతో రెండు విధాలా రాయండి. జిల్లాలు మారినా ఆ ఊరు దొరకాలి. కాఫిన్ వంశానికి రికార్డులు రాసినవాళ్లు ఇతరులు. మన వంశానికి రాయవలసినవాళ్లం మనమే. అది మన పిల్లలకు ఇవ్వగల ఆస్తుల్లో ఒకటని నేను నమ్ముతున్నాను.

వచ్చే భాగంలో: మద్రాసులో బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అందులోని కూలీల రిజిస్టరులో పేరు, తండ్రి పేరు, జిల్లా, తాలూకా, ఊరు రాశారు. ఆ రిజిస్టరు చేతబట్టుకుని దక్షిణాఫ్రికా తెలుగువాళ్లు తమ ఊళ్లను ఎలా వెతుక్కుంటున్నారో చూద్దాం.